ఇస్త్రీ అబ్బాయి కాళ్ళు

ఆదివారం, రాత్రి పదిన్నర.

రేపటి దోసెలకి పిండి రుబ్బి గిన్నెలోకి తీసేసరికి ఈ వేళయింది. చూపుడువేలు పక్కన పెన్సిల్ నలుపు ఇంకా వదల్లేదు. పిండిలో కలిసిందేమోనని చిన్న అనుమానం. మినప్పొట్టులో కలిసిపోతుందిలే, చెప్పకపోతే ఎవరికీ తెలీదు.

పోయిన నెల మా ఆడపడుచు వస్తే దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళా. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళుగా కాపురం, నేను వెళ్ళడమూ అదే మొదలు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయారాయన. ఆ వయసులో నాకు కుక్కరుకి గాస్కెట్ మార్చడం కూడా వచ్చేది కాదు. ఆయన బొమ్మల్లో మనుషుల కాళ్ళ మీద వాళ్ళ బరువు ఉంటుంది. అది చూసొచ్చిన దగ్గర్నుంచీ బుర్రలో పురుగు తొలుస్తోంది. మా వాడి పాత జామెట్రీ బాక్సు అటక మీంచి దింపించా. అందులో రెండు పెన్సిళ్ళు, అరిగిపోయిన రబ్బరు, ఒక చాక్లెట్ కాగితం.

ఇవాళ పెట్టుకున్న నియమం ఏంటంటే, ఫోటో చూడకూడదు, ఫోన్ ముట్టకూడదు. గుర్తున్న మనిషిని గుర్తున్నట్టు గీయాలి. రోజూ చూసే మనిషయితే తేలిక కదా అనుకున్నా. మా ఆయన్ని గీస్తే పొట్ట దగ్గర గొడవొస్తుంది. అందుకని సందు మొదట్లో ఇస్త్రీ బండి అబ్బాయిని ఎంచుకున్నా. అబ్బాయంటే యాభై దాటుంటాయి. పదకొండేళ్ళ కింద మేం ఈ సందులోకొచ్చేనాటికే మీసం నెరుస్తోంది. అయినా అందరికీ అబ్బాయే.

మొదటి కాగితం మీద తల వేశా, మీసం పెట్టా, మెడ మీద తువ్వాలు వేశా. మీసం దగ్గర చాలాసేపు సంబరపడ్డా. తీరా నడుము కిందికొచ్చేసరికి కాగితం అయిపోవస్తోంది. ఉన్న చోట్లోనే కాళ్ళు ఇరికించా. స్కేలు పెట్టి కొలిస్తే మొత్తం మనిషి ఐదున్నర తలల పొడుగు. మామూలుగా ఎదిగిన మనిషి ఏడున్నర తలలుంటాడు. ఐదున్నరంటే ఒకటో క్లాసు పిల్లాడు. మీసాలతో.

రెండో కాగితం లెక్క ప్రకారం మొదలుపెట్టా. నిలువు గీత, దాని మీద తలల గుర్తులు. కళ్ళు తలకి సరిగ్గా మధ్యలో ఉంటాయట. నేను నమ్మలేదు. అద్దం ముందు నిలబడి దువ్వెన అడ్డం పెట్టి చూసుకున్నా, నిజమే. ఇన్నాళ్ళూ నేను గీసిన వాళ్ళందరికీ కళ్ళు నుదుటి మీదే ఉన్నాయి! చెయ్యి కూడా అంతే. గడ్డం దగ్గర మణికట్టు ఆనించి అరచెయ్యి మొహం మీద పెట్టుకుంటే వేళ్ళు దాదాపు జుట్టు మొదలుదాకా వెళ్తాయి. నేనేమో అందరికీ నిమ్మకాయంత పిడికిలి ఇచ్చి సరిపెట్టేదాన్ని.

మన శిల్పులది ఇంకో లెక్క. ముఖం పొడుగు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. స్కేలు మీది అంగుళం కాదు, ముఖంలో పన్నెండో వంతు. నవతాళం బొమ్మ 108 అంగుళాలు. అందులో నడినెత్తికీ, మెడకీ, మోకాలికీ, పాదానికీ మూడేసి అంగుళాలు విడిగా కేటాయించారు. మోకాలికి కూడా వాటా! నేను గీసిన మనిషికి మోకాలే లేదు. ప్యాంటు ఉంది, కింద చెప్పులున్నాయి.

కొలతలన్నీ కుదిరాక చూస్తే బొమ్మ బట్టల కొట్టు ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ మనిషిలా ఉంది. కుడి చేతికి ఇస్త్రీపెట్టె ఇచ్చా, మరి ఎడం చేత్తో ఏం చేస్తాడు? నీళ్ళు చల్లుతాడా, చొక్కా పట్టుకుంటాడా? కాళ్ళు దగ్గరగా పెడతాడా, ఎడంగానా? పదకొండేళ్ళలో ఎన్ని వందల చీరలు ఇచ్చుంటా! పోయిన దీపావళికి నా కంచి పట్టుచీర అంచు ఎక్కడ కాస్త కమిలిందో మాత్రం వేలు పెట్టి చూపించగలను.

ఇక లాభం లేదని మా కరెంటు ఇస్త్రీపెట్టె తీసి, డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, అతన్లా నిలబడి తోసి చూశా.

"కరెంటు పోయి గంటయింది కదే?" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే.

"తెలుసండీ."

ఇంకేం అడగలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇదో సుఖం.

ఈలోగా అత్తయ్య భోజనానికొచ్చి టేబుల్ మీదున్న మొదటి కాగితం అందుకున్నారు. ఆవిడకి శుక్లాల ఆపరేషనయి నెల. కొత్త చూపుతో ఇంట్లో ప్రతిదీ పట్టి పట్టి చూస్తున్నారు, మూలల్లో బూజుతో సహా.

"మన ఇస్త్రీ అబ్బాయి కదూ?"

"ఎలా తెలిసింది అత్తయ్యా?"

"ఆ వంగడం చూస్తే తెలీట్లా? మీసాలు బానే వచ్చాయి."

కొలత ఒక్కటీ సరిగ్గా లేని బొమ్మ అది. లెక్క ప్రకారం గీసిన రెండోది చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "పోలీసా?" అన్నారు.

సాయంత్రం అవసరం లేకపోయినా నాలుగు చీరలు పట్టుకుని వెళ్ళా. పెట్టెలో అప్పుడే బొగ్గులు రాజేసినట్టున్నాడు, విసనకర్రతో విసురుతున్నాడు. చీరలు బండి మీద పెట్టి, చిల్లర వెతుక్కుంటున్నట్టు నటిస్తూ చూస్తూ నిలబడ్డా. ఎడం అరచెయ్యి ఊరికే ఉండదు. బట్టని సాపు చేసుకుంటూ పెట్టెకి నాలుగు వేళ్ళ దూరంలో ముందు వెళ్తుంది, వెనకాల పెట్టె వస్తుంది. ముందుకి తోసేటప్పుడు ఒళ్ళు మొత్తం కదులుతుంది, వెనక్కి లాగడానికి మోచెయ్యి ఒక్కటే చాలు. ఆ వంగడం మాత్రం అత్తయ్య చెప్పినట్టు ఉన్నదున్నట్టు దిగింది నా బొమ్మలో. ఎలా దిగిందో నాకు తెలీదు.

కింద చూస్తే, ఎడం కాలు ఇటుక మీద ఉంది.

ఆ ఇటుకని నేను ఏళ్ళ తరబడి చూస్తున్నా. బండి చక్రం దొర్లకుండా పెట్టిందనుకున్నా.

"ఈ ఇటుకేంటయ్యా?" అన్నా.

"ఆయ్, పొద్దస్తమానం నిలబడాలి కదండీ అమ్మగారూ. నడుం పట్టేత్తదండి. ఓ కాలు ఎత్తు మీద పెడితే కాస్త తేలిగ్గా ఉంటదండి. కాసేపు ఈ కాలు, కాసేపు ఆ కాలు." అంటూనే కాలు మార్చి చూపించాడు. మార్చగానే నడుము ఇటు నుంచి అటు ఒరిగింది, దాంతోపాటు భుజాల వాలూ మారింది. పెట్టె మాత్రం ఆగలేదు.

ఇంటికొచ్చి దీపం పెడుతుంటే కేలండర్‌లో కృష్ణుడు కనపడ్డాడు. బరువంతా ఒక కాలి మీద, నడుము ఒక పక్కకి, భుజాలు రెండో పక్కకి, మెడ మళ్ళీ మొదటి పక్కకి. త్రిభంగి అని చదువుకున్న మాటే. ఆయనకి వేణువు, ఇతనికి ఇస్త్రీపెట్టె. దేవుడి గదిలో నిలబడి ఇలా అనుకోవడం తప్పేమో, లెంపలేసుకుని వత్తి ఎగదోశా.

రాత్రి భోజనాలయ్యాక మూడో బొమ్మ గీశా. ముందు ఇటుక గీశా, తర్వాత దాని మీద పాదం, అక్కణ్ణుంచి పైకి. తల అన్నిటికంటే ఆఖర్న పెట్టా. కుడి తుంటి పైకి లేవగానే కుడి భుజం దానంతటదే కిందికి దిగింది. మోకాలు కూడా వచ్చింది. మీసం వేసే ఓపిక లేక వదిలేశా. అత్తయ్యకి మాత్రలిస్తూ కాగితం కూడా చేతికిచ్చా. లైటు కిందకి జరిగి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశారు.

"ఇదెవరే? మేడెక్కుతున్నాడా?"

"ఇస్త్రీ అబ్బాయే అత్తయ్యా."

"అతను కాదమ్మా. అతనికి కాళ్ళు సమంగానే ఉంటాయి" అనేసి మాత్ర వేసుకున్నారు.