నారింజ తొక్క పోయేదాకా

చిన్న కారు నమూనాకు అద్దంలాంటి మెరుపు రావాలంటే రంగు మీద రంగు దట్టించాలని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతో పాడుచేసిన మొదటి కారు మా ఇంటి షోకేసులో వెనక వరసలో ఇంకా ఉంది. తలుపుల గీతలు రంగులో పూడుకుపోయి అది అరిగిన సబ్బుబిళ్లలా కనిపిస్తుంది. 1/24 కొలతలో ఉన్న నమూనా మీద 0.1 మిల్లీమీటరు మందాన రంగు చేరితే, అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల పూత వేసినట్టు లెక్క. అసలు కారు తలుపు చుట్టూ ఐదు మిల్లీమీటర్ల సందు ఉంటే ఇక్కడది 0.2 మిల్లీమీటర్లే కాబట్టి, ఆ సందు రెండు గోడల మీదా అంతేసి రంగు చేరితే ఇక సందే మిగలదు. అందుకే ఇప్పుడు ప్రైమర్‌కు (రంగు కింద వేసే తొలి పూతకు) ముందే ఆ గీతలను సూదిమొనతో కాస్త లోతు చేసుకుంటున్నాను.

విజయవాడలో ఉండి ఈ పని నేర్చుకునేవాడికి బళ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్‌ను మించిన బడి లేదు. లారీ క్యాబిన్లకు రంగు వేసే ఒక పెద్ద మేస్త్రి గారికి నా కారు చూపిస్తే, అరచేతిలో తిప్పి చూసి, “లప్పం దగ్గర తప్పుచేసి లక్కర్ దగ్గర దిద్దుకుందామంటే కుదరదు బాబూ” అన్నారు. లప్పం అంటే గుంటలు పూడ్చే ముద్ద, లక్కర్ అంటే ఆఖరి మెరుపు పూత. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), రబ్బింగ్ కాంపౌండ్ (మెరుగు పెట్టే ముద్ద) అక్కడి నుంచే తెచ్చుకున్నాను. రంగును పలుచన చేసే థిన్నర్ కూడా తెచ్చుకోవడం మాత్రం నా తెలివితక్కువతనం. ఇనుప రేకు తట్టుకునే ఆ ఘాటును నమూనా కారు పాలిస్టైరిన్ ప్లాస్టిక్ తట్టుకోలేదు. బానెట్ నిండా సన్నటి పగుళ్లు వచ్చాయి. వాళ్లు వాడే రెండు భాగాల క్లియర్ (రంగు మీద వేసే రంగులేని పూత) గొప్పగా మెరుస్తుంది కానీ, అది గట్టిపడేందుకు కలిపే హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, వాటిని మామూలు గుడ్డ మాస్కు ఆపలేదు. కనుక దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు.

మన ఊరి వాతావరణంతో పేచీ వేరే ఉంది. మే నెల మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు తుంపర ప్లాస్టిక్‌ను చేరేలోపే సగం ఆరిపోయి, పరుచుకోలేక, నారింజ తొక్కలా గరుకుగా నిలిచిపోతుంది. జులైలో వాన వెలిసిన ఒక సాయంత్రం క్లియర్ లక్కర్ కొడితే నల్ల కారు కళ్లముందే పాలిపోయింది. ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి తెల్లటి మసకగా నిలుస్తుంది. మరునాడు పొడి ఎండలో, నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా చల్లితే ఆ తెలుపు విడిపోయింది. అప్పటినుంచి వానాకాలంలో ప్రైమర్ పని మాత్రమే పెట్టుకుంటున్నాను. (స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే తుంపర సన్నగా వస్తుందంటారు, వేసవిలో మా మేడ మీది ట్యాంకు నీళ్లను వేడిచేసే అవసరమే లేదు, పైగా డబ్బాను 50 డిగ్రీలు దాటనివ్వకూడదు.)

క్లియర్ పలుచగా మూడు నాలుగు పూతలు వేశాక అసలు ఓర్పు మొదలవుతుంది. అమ్మ అప్పడాల డబ్బాను బోర్లించి దుమ్ము పడకుండా కారును కప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రానంతవరకు, అంటే కనీసం వారం పది రోజులు, ముట్టుకోను. ఆ తరువాత సబ్బునీళ్లలో నానిన 2000 నంబరు వాటర్ పేపర్‌తో, వేలితో నొక్కకుండా, రబ్బరు ముక్కకు చుట్టి, తొక్కలోని మిట్టలు పల్లాలతో సమమయ్యేవరకు రుద్దుతాను. అప్పుడు కారు మొత్తం సుద్దలా మాసిపోతుంది, మొదటిసారి చేసేవాళ్లకు గుండె జారుతుంది. ఆ పేపర్‌లో రేణువు సుమారు 10 మైక్రాన్లు. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లే. గీతలు ఆ స్థాయికి సన్నబడితేనే మెరుపు తిరిగొస్తుంది కాబట్టి, ముతక కాంపౌండ్ నుంచి సన్నదానికి, అక్కడి నుంచి ఆఖరిదానికి, ప్రతిసారీ గుడ్డ మార్చి, గుండ్రంగా రుద్దుతూ వెళ్లాలి. కారు కప్పు మీద ట్యూబులైటు ప్రతిబింబం అంచులు వణకకుండా నిలిస్తే ఆ భాగం పూర్తయినట్టు.

ఈసారి ఎర్ర కారు కప్పు మీద ఆ ట్యూబులైటు గీత తిన్నగానే కనిపించింది. అయితే బానెట్ అంచుకు టేపు అంటించడం మరచిపోయి రుద్దినందువల్ల అక్కడ గోరంత మేర ప్రైమర్ బూడిద రంగు తొంగిచూస్తోంది, ఆదివారం ఉదయం ఆరింటికే మళ్లీ స్ప్రే డబ్బా పట్టుకోక తప్పదు.