గునపం దిగేలోపే సగం ఇల్లు: ప్రాజెక్టు దశల్లో దేని బరువెంత?

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ క్లాసుకు వెళ్లినవాళ్లకు ఈ ఐదూ కంఠతా వచ్చే ఉంటాయి: ఆరంభం, ప్రణాళిక, అమలు, పర్యవేక్షణ, ముగింపు. పీఎంఐ (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) 2017లో తెచ్చిన పీఎంబాక్ అనే మార్గదర్శి పుస్తకం ఆరో కూర్పులో వీటన్నిటికీ కలిపి 49 ప్రక్రియలున్నాయి. ప్రణాళికకే 24. పర్యవేక్షణకు 12, అమలుకు 10, ఆరంభానికి 2. ముగింపుకు ఒక్కటంటే ఒక్కటి. నిజానికి ఇవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే దశలు కూడా కావు, పనుల గుంపులు. పర్యవేక్షణ మొదటి రోజు నుంచే నడవాలి.

ఈ లెక్క ఎంతవరకు నిజమో చూడాలంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కన్నా 200 గజాల స్థలంలో కట్టే జీ ప్లస్ వన్ ఇల్లు మంచి ఉదాహరణ. అక్కడ తప్పు జరిగితే కంటికి కనిపిస్తుంది, గోడ మీద చెమ్మగానో బీరువా వెనక పగులుగానో.

ఆరంభం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తేలాల్సినవి మూడే: ఇల్లు ఎవరి కోసం (ఉండటానికా, అద్దెకా), చేతిలో ఎంత ఉంది, ఆఖరి మాట ఎవరిది. ఈ మూడోదే కొంప ముంచుతుంది. అబ్బాయి అమెరికాలో ఉండి డబ్బు పంపుతాడు, నాన్నగారు సైట్‌లో నిలబడతారు, వంటింటి గట్టు ఎత్తు అత్తగారూ కోడలూ చెరొకటి చెబుతారు. మేస్త్రీ ఎవరు దగ్గరుంటే వాళ్ల మాట వింటాడు. ఒక కాగితం మీద నిర్ణయించేవాళ్ల పేరు ఒక్కటే రాసి, మేస్త్రీకి అందరి ముందూ చెప్పేయాలి. బ్యాంకు లోను కూడా ఇక్కడే చూసుకోవాలి. చాలా బ్యాంకులు ఒక దశ పూర్తయ్యాకే ఆ విడత ఇస్తాయి, కాబట్టి ముందు పెట్టుబడి మన జేబులోంచే.

ఇక ప్రణాళిక. చాలామంది దృష్టిలో ప్రణాళికంటే ప్లాను, అంటే గదుల బొమ్మ. అది పదోవంతు కూడా కాదు. మొదట మట్టి పరీక్ష. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. పక్కింటాయన నాలుగడుగుల పునాది వేశాడని మనమూ వేస్తే మూడో వేసవికి గుమ్మాల మూలల్లో ఏటవాలు పగుళ్లు వస్తాయి. పరీక్ష రిపోర్టు చేతికొచ్చాకే స్ట్రక్చరల్ ఇంజినీరు పునాది, పిల్లర్ల లెక్క వేయాలి. వాస్తు చూపించుకునే అలవాటుంటే అదీ ఈ లోపే. కాగితం మీద బాత్రూం జరపడానికి రబ్బరు చాలు. స్లాబు పడ్డాక జరపాలంటే సంక్ (పైపుల కోసం బాత్రూం కింద దించి పోసిన స్లాబు) పగలగొట్టాలి, డ్రైనేజీ లైను మార్చాలి, అయినా ఆ మూల ఎప్పటికీ అనుమానమే.

రెండోది, చిన్నదనిపించి వదిలేసే కొనుగోళ్ల జాబితా. కమోడ్ ఆఖర్లో కొంటాం కదా అనుకుంటారు. కానీ నేలలోకి దిగే ఎస్ ట్రాప్ మోడళ్లలో గోడకూ పైపుకూ మధ్య దూరం ఒకదానికి 9 అంగుళాలైతే ఇంకోదానికి 12. పైపు ముందు వేసి కమోడ్ తర్వాత కొంటే షాపులో నచ్చింది కాదు, పైపుకు సరిపోయేదే తెచ్చుకోవాలి. ఏసీ ఏ గోడకో ప్లాస్టరింగుకు ముందే తేలకపోతే, దాని నీళ్ల పైపు కోసం మళ్లీ గోడ కొట్టాలి. గుమ్మాలు కట్టుబడి మొదలయ్యేసరికి సైట్‌లో ఉండాలి, అంటే వడ్రంగికి కలప అంతకు చాలా ముందే చేరాలి. ఇసుక సంగతి తెలిసిందే: నదులు పొంగితే తవ్వకం ఆగుతుంది, రేటు ఎక్కుతుంది. వానాకాలం పనికి కావాల్సిన ఇసుక ఎండల్లోనే దింపించుకోవాలి.

మూడోది తేదీలు. వీటిని వెనక నుంచి లెక్కించాలి. గృహప్రవేశానికి ముందు పెయింటు, దానికి ముందు టైల్స్, దానికి ముందు బాత్రూం వాటర్‌ప్రూఫింగూ నీళ్లు నింపి చూడటమూ, దానికి ముందు ప్లాస్టరింగ్, దానికి ముందు గోడల్లో పైపులు, దానికి ముందు కట్టుబడి, దానికి ముందు సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా కింద ఆపే చట్రం) విప్పడం. ఈ గొలుసులో ఏది నాలుగు రోజులు జరిగినా చివరి తేదీ నాలుగు రోజులు జరుగుతుంది. ఆషాఢం లోపు అవకపోతే శ్రావణం దాకా ఆగాలి, అద్దె ఇంటికి ఇంకో నెల కట్టాలి. గొలుసులో లేని పనులు, ఉదాహరణకు ప్రహరీ, కాస్త జరిగినా నష్టం లేదు. మేస్త్రీ మనుషులు తక్కువొచ్చిన రోజున ఎవరిని ఎక్కడ పెట్టాలో తేల్చేది ఈ తేడానే.

మొత్తం అంచనా మీద పది శాతం విడిగా పెట్టుకోమని నా సలహా. దాన్ని గ్రానైటు కోసం ముందే తినేయకూడదు.

అమలులో ఖర్చు ఎక్కువ, నిర్ణయాలు తక్కువ. ముందు పని సరిగా జరిగితే ఇక్కడ మిగిలేది పనితనమే. అందుకే రెండో స్థానం నేను పర్యవేక్షణకిస్తాను. దాని విలువంతా స్లాబుకు ముందు రోజు సాయంత్రం తెలుస్తుంది.

వెయ్యి చదరపు అడుగుల స్లాబు, మందం 5 అంగుళాలు అనుకుందాం. బీములు వదిలేస్తే సుమారు 417 ఘనపుటడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, మొత్తం 95. సెంట్రింగ్ మట్టం తప్పి మందం సగటున అరంగుళం పెరిగితే? ఇంకో 9, 10 బస్తాల సిమెంటు పోతుంది. అది చిన్న నష్టం. స్లాబు మీద దాదాపు 3 టన్నుల బరువు అదనంగా పడుతుంది, ఇంజినీరు లెక్కలో లేని బరువు. నీళ్ల గొట్టంతో మట్టం చూడటానికి అరగంట పడుతుంది.

అదే సాయంత్రం ఇంకా చూడాల్సినవి: ఊచల మధ్య దూరం డ్రాయింగులో ఉన్నంతే ఉందా, ఊచలు అడుగుకు ఆనకుండా ఎత్తి ఉంచే 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు కింద పెట్టారా (కంకర ముక్కలు సర్దేస్తారు, ఒప్పుకోవద్దు), పై ఊచలు తొక్కినా దిగకుండా కింద కుర్చీలు (వంచిన ఊచ ఆధారాలు) ఉన్నాయా, ఫ్యాను బాక్సులు, కరెంటు పైపులు అన్నీ పడ్డాయా. కాంక్రీటు పోసే రోజున ఒక్కటే కాపలా: నీళ్లు. ఎం20 నామినల్ మిక్స్‌లో, అంటే పైన చెప్పిన 1:1.5:3 పాళ్లలో, 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు వద్దంటుంది మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456. జారుడుగా ఉంటే పని తొందరగా అవుతుంది కాబట్టి మనవాళ్లు ఇంకో బకెట్ పోస్తారు. ఆ బకెట్ స్లాబు బలాన్ని తినేస్తుంది.

సెంట్రింగ్ విప్పడానికీ అదే కోడ్ లెక్క చెబుతుంది. స్లాబు కింద నిలబెట్టిన ఆధారపు గుంజలు 4.5 మీటర్ల లోపు స్పానుకు (ఆధారాల మధ్య దూరానికి) 7 రోజులు ఉంచాలి, దాటితే 14. బీముల కింద 6 మీటర్ల దాకా 14, దాటితే 21. ఇది ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు. ఇళ్లకు ఎక్కువగా వాడేది పీపీసీ (బూడిద లాంటి పొజొలానా కలిపిన సిమెంటు), దానికి ఇంకొంచెం ఆగాలి. పీపీసీకి క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) కనీసం 10 రోజులు, మన ఎండల్లో 14. సెంట్రింగ్ సామాను అద్దె రోజుకింత అని నడుస్తుంది కాబట్టి సెంట్రింగ్ వాళ్లు తొందరపెడతారు. ఒప్పందంలో ముందే రోజులు రాసుకుంటే ఆ గొడవ ఉండదు. చూశారా, ఇదీ ప్రణాళిక పనే.

మధ్యలో మార్పులు తప్పవు. ప్రతి మార్పుకూ నోటుపుస్తకంలో ఒక వరుస రాయాలి: ఏమిటి, ఎంత డబ్బు, ఎన్ని రోజులు, మనదీ మేస్త్రీదీ ఇద్దరి సంతకం. ఆఖరి బిల్లు రోజు ఈ పుస్తకం లేకపోతే మాటా మాటా పెరుగుతుంది.

49లో ఒక్కటిగా మిగిలిన ముగింపు దగ్గర మాత్రం నాకు పీఎంబాక్‌తో పేచీ. మనవాళ్లు గృహప్రవేశంతోనే పని అయిపోయిందనుకుంటారు. అక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం), ఇంటి పన్ను, తాత్కాలిక కరెంటు మీటరు మార్పు అలాగే ఉండిపోతాయి. మేస్త్రీకి ఇచ్చేదాంట్లో 5 శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకునేట్టు మొదటి రోజే ఒప్పందంలో రాయండి. టెర్రస్ కారుతుందో లేదో చెప్పేది వానే. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి తీసిన ఫొటోలు ఇంటి కాగితాల ఫైల్లో పెట్టుకుంటే, నాలుగేళ్ల తర్వాత గీజరు బిగించడానికొచ్చిన కుర్రాడు డ్రిల్లుతో నీళ్ల పైపు పొడవకుండా ఉంటాడు.