టచ్ స్క్రీన్ కన్నా టార్చి లైటే నయం

మా అక్క కూతురికి తొమ్మిదో తరగతి ప్రాజెక్టు పని ఉందంటే, పోయిన నెల దాన్ని బండి మీద ఎక్కించుకుని మా కడప నుంచి కొంచెం దూరంలో ఉన్న ఒక మ్యూజియానికి వెళ్లాను. ఏ మ్యూజియమో చెప్పను, అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లు, తప్పు వాళ్లది కాదు. లోపలికి అడుగు పెట్టగానే మనిషంత ఎత్తు టచ్ స్క్రీన్. పిల్ల పరుగున పోయి వేలు పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కితే బొమ్మలేవీ రాలేదు గానీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలా వద్దా అని అడిగింది.

"మామా, మ్యూజియంలో కూడా అప్‌డేటేనా?"

"కరెంటు పోయొచ్చినప్పటి నుంచి అది అంతే పాపా" అన్నాడు అక్కడ కూర్చున్న పెద్దాయన.

విగ్రహాల పక్కన క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు కూడా ఉన్నాయి. మందపాటి గోడలు, ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత. ఒకటి ఎలాగో తెరుచుకుంది, చూస్తే ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా నాలుగు పేజీలు. నిలబడి ఎవరు చదువుతారండీ అది? నేను ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి, స్క్రీన్లంటే నాకేం కోపం లేదు, కానీ బొమ్మ ముందు నిలబెట్టి ఫోన్లోకి తలదూర్చమనే పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు.

అసలు సంగతి వెనక వరండాలో జరిగింది. అక్కడ ఒక శాసనం రాయి ఉంది. ఎండ నేరుగా పడి నున్నటి బండలా కనిపిస్తోంది, అక్షరం అన్నదే లేదు. నేను పిల్లను ఎండకు అడ్డంగా నిలబెట్టి, ఫోన్ టార్చి రాయికి దాదాపు ఆనించి పక్క నుంచి వేశాను. అంతే, గీతల్లో నీడలు నిండి వరుసలకు వరుసలు లేచి వచ్చాయి. "ఇది 'న' కదా మామా? ఇది 'ర'!" అంటూ పిల్ల ఇరవై నిమిషాలు అక్కడి నుంచి కదల్లేదు. టచ్ స్క్రీన్ దగ్గర రెండు నిమిషాలు కూడా లేదు.

ఈ టార్చి చిట్కానే పెద్ద ఎత్తున చేసే పద్ధతి ఒకటుంది, ఆర్‌టీఐ అంటారు (సమాచార హక్కు కాదు లెండి, రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్). దానికి మూలం 2001లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం చేసిన పని. కెమెరాను కదలకుండా బిగించి, లైటును మాత్రం చుట్టూ తిప్పుతూ పదుల కొద్దీ ఫోటోలు తీస్తారు. రాయి పక్కన నల్లగా మెరిసే గోళీ ఒకటి పెడితే, దాని మీద పడే మెరుపును బట్టి లైటు ఎటు నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేరే లెక్క కట్టుకుంటుంది. తర్వాత స్క్రీన్ మీద మౌస్ కదిపితే వెలుగు కదులుతుంది, అరిగిపోయిన అక్షరం కూడా ఒక మూల నుంచి దొరికిపోతుంది. ఇదివరకు తడి కాగితం రాయికి అంటించి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసేవాళ్లు, ఇప్పటికీ తీస్తారు. దాంతో పోలిస్తే ఇందులో రాయిని తాకే పనే లేదు.

మన జిల్లాలోనే ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది, సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. అందులో 'రేనాణ్డు ఏళన్' అని ఉంటుంది, అంటే రేనాడు (మన కడప చుట్టుపక్కల సీమ) ఏలుతుండగా అని. ఆ మాటను పిల్లలు స్క్రీన్ మీద వెలుగు తిప్పుకుంటూ తామే కూడబలుక్కుని చదివితే ఎట్లుంటుంది! పక్కనే ఒక్క నిమిషం ఆడియో, అదీ మన ఊళ్లలో మాట్లాడుకునే తెలుగులో, సిగ్నల్ లేకపోయినా వినిపించేలా అక్కడి వైఫైలోనే పెట్టి. ఆడియో గైడు కొత్త వింతేం కాదు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో 1952లోనే పెట్టారు. అదే ఊళ్లో రైక్స్‌మ్యూజియం 2012లో 1,25,000 బొమ్మల్ని పెద్ద సైజులో ఆన్‌లైన్లో పెట్టి, డౌన్‌లోడ్ చేసుకోండి, మీకిష్టమైనట్టు వాడుకోండి అంది. మనకేమో కొన్నిచోట్ల ఫోన్ బయటికి తీస్తేనే గార్డు పరుగెత్తుకొస్తాడు.

ఇంకొకటి. ఏ విగ్రహం ఏ ఊరి నుంచి వచ్చిందో మ్యాపు మీద చూపిస్తే చాలు, ఆ ఊరివాళ్లే వెతుక్కుంటూ వస్తారు. లేబుల్ మీద ఊరి పేరు చిన్న అక్షరాల్లో వేసి వదిలేస్తే ఎవరికి పడుతుంది?

పిల్ల ఆ రాయి గురించి ఫోన్లో యాభై సెకన్లు మాట్లాడి, టార్చి వేసి తీసిన ఫోటోతో కలిపి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి మా నాయన వాయిస్ మెసేజ్: "ఒరేయ్, ఇట్లాంటి బండే మనూరి చెరువుకట్ట కింద ఉండాది. మీ జేజి దాని మీదనే గుడ్డలు ఉతికేది."

ఆదివారం పోతున్నాం. టార్చి నేను తెస్తాను, గోళీ పిల్ల తెస్తుందట.