సిమెంటు బ్రిక్స్ గోడకు పడిన పగులు: నా అనుభవం

నరసరావుపేట దగ్గర మా ఇంటి వెనుక గదులకు పిల్లర్లు లేవు. 8 అంగుళాల సిమెంటు బ్రిక్స్ గోడలే శ్లాబును మోస్తున్నాయి. నేల నల్లరేగడి. ఎండలు ముదిరేకొద్దీ కిటికీ కింది మూల నుంచి పునాది వైపుకు, బ్రిక్స్ మధ్య జాయింట్ల వెంబడి మెట్లు మెట్లుగా ఒక పగులు దిగసాగింది. మేస్త్రీ చూసి, "లప్పం పెట్టి రంగేస్తే కనపడదండీ" అన్నాడు. నేను స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాను.

ఆయన ముందుగా పగులుకు ఇరువైపులా ప్లాస్టరింగు చెక్కించి చూస్తే, పగులు పూతతో ఆగలేదు. రెండు బ్రిక్స్ నిలువునా చీలి ఉన్నాయి. వెడల్పు పైన 4 మి.మీ., కింద వెంట్రుకంత. అలా పైన విచ్చుకుందంటే గోడ చివర కిందికి కుంగుతోందని ఆయన వివరించారు. మన ప్రమాణాల్లో 2 మి.మీ. దాటినదాన్ని వెడల్పాటి పగులుగానే లెక్కిస్తారు. అయినా ఆయన పట్టించుకున్నది వెడల్పును కాదు, కదలికను. పగులు కదిలితే విరిగేలా దానికి అడ్డంగా పలుచని అద్దం పట్టీలు అతికించి, పక్కనే పెన్సిలుతో తేదీలు రాయించారు. మే నెలాఖరుకు ఒక పట్టీ ఫట్టున విరిగింది. వానలు బాగా పడ్డాక పగులు సగానికి పైగా మూసుకుపోయింది. మూలన గుంత తీయిస్తే పునాది లోతు మూడడుగులే అని తేలింది. పైగా శ్లాబు మీది వాననీరంతా గొట్టం ద్వారా సరిగ్గా అక్కడే పడుతోంది. తడిసి ఉబ్బడం, ఎండి కుంచించుకుపోవడం నల్లరేగడి స్వభావం కదా. కొత్త ఇల్లయితే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు పునాది స్తంభాలు) వేయించుకునేవాళ్లం.

కాబట్టి మరమ్మతు గోడతో కాక నీటితో మొదలైంది. గొట్టాన్ని దూరంగా మళ్లించి, గోడ వెంట బయటికి వాలుగా కాంక్రీటు పరిపించి, తర్వాతి వేసవి దాటేదాకా ఆగాం. కొత్తగా అతికించిన అద్దాలు చెక్కుచెదరలేదు. అప్పుడు రెండేసి వరుసలకొక జాయింటును 40 మి.మీ. లోతున గీకి, దుమ్ము ఊది, తడిపి, పగులుకు అటూ ఇటూ అర మీటరు చొప్పున పోయేలా 6 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పెట్టి, ఆరాక కుంచించుకుపోని గ్రౌటుతో (సందులు నింపే సిమెంటు మిశ్రమంతో) నింపారు. మామూలు ఇనుప కడ్డీలు చాలవా అని మేస్త్రీ వాదించాడు గానీ, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి జాయింటునే చీల్చేస్తుంది. చీలిన బ్రిక్స్‌ను తీసేసి, బాగా క్యూరింగయి ఆరినవి పెట్టి, ఆపైన చికెన్ మెష్ కొట్టి ప్లాస్టరింగు చేశారు.

శ్లాబు కింద అడ్డంగా ఉన్న సన్నని గీత సంగతి వేరు; అది ఎండకు శ్లాబు సాగడం వల్ల వచ్చినది కనుక, అందులో సిమెంటుకు బదులు సాగే సీలెంటు నింపించి, పైకప్పుకు తెల్లని కూల్ పెయింటు వేయించాం.