వైస్‌లో ఉన్నంతసేపూ తిన్నగానే ఉంటది

ఈ దేశానికి మిల్లింగ్ మెషిన్ (లోహాన్ని చెక్కే మెషిన్) పనికి వచ్చిన మూడో వారమే నాకు అల్యూమినియం కవర్ ప్లేట్లు అప్పజెప్పారు, 300 బై 200, ఫైనల్ మందం 4 ఎమ్ఎమ్, ఫ్లాట్‌నెస్, అంటే చదునులో తేడా, 0.1 ఎమ్ఎమ్ లోపు రావాలి. ఇంతే కదా అనుకున్నా. 12 ఎమ్ఎమ్ ప్లేటుని వైస్‌లో (మెషిన్ మీద పనిముక్కని పట్టి బిగించే దవడల్లో) పెట్టి, హ్యాండిల్‌కి పైపు తగిలించి మరీ బిగించి, దాదాపు మెటీరియల్ అంతా ఒకవైపు నుంచే లేపేశా. మెషిన్ మీదే డయల్ (ఎత్తుపల్లాలు చూపించే గేజ్) పెట్టి చూస్తే ముల్లు కదిలితే ఒట్టు. తీరా వైస్ విప్పి సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునుగా ఉండే బల్ల) మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కానా, టక్‌మని ఎదురు మూల లేచింది, 0.6 ఎమ్ఎమ్ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) కిందకి హాయిగా దూరిపోయింది.

రెండోదీ అంతే. ప్రొబేషన్‌లో ఉన్నా, వీసా కంపెనీ చేతిలో ఉంది, చెమటలు పట్టేశాయి. పక్క మెషిన్ పెద్దాయనకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, నాకు వాళ్ళ భాష అసలే రాదు. ఆయనే వచ్చి ప్లేటు తిప్పి తిప్పి, ఇటు కొంచెం అటు కొంచెం అని చేత్తో చూపించి, చివర్లో గడియారం చూపించి "రేపు" అన్నాడు.

తర్వాత అర్థమైంది సంగతి. ప్లేటు తయారయ్యేటప్పుడే పై పొరల్లో నొక్కుడు, మధ్యలో లాగుడు ఉండిపోతాయి, రెండూ సరిపోయినంత వరకు తిన్నగా ఉంటది, మనం ఒకవైపే చెక్కేస్తే ఆ లెక్క తప్పి వంగుతుంది. అందుకే మూడోదానికి రెండువైపులా మార్చి మార్చి రఫింగ్ (ముందుగా ముతకగా చెక్కడం) చేసి, అటూ ఇటూ అర ఎమ్ఎమ్ మిగిల్చి విప్పేశా. రాత్రంతా ఆగడం వల్ల పెద్ద లాభముందని నాకిప్పటికీ నమ్మకం లేదు, వంగాల్సింది చాలావరకు విప్పగానే వంగేస్తది, కాకపోతే చల్లారాలి మాత్రం, 300 పొడవు అల్యూమినియం 10 డిగ్రీలు వేడెక్కితే 0.07 ఎమ్ఎమ్ సాగుతుంది మరి.

అసలు కిటుకు మళ్ళీ పెట్టేటప్పుడు ఉంది. వంగినదాన్ని అదిమి చదును చేసి బిగిస్తే విప్పగానే మళ్ళీ అదే వంపు, కాబట్టి కింద ఖాళీ ఉన్నచోట షిమ్ (సందు నింపే పల్చటి రేకు ముక్క) పెట్టి, కదలకుండా ఉంటే చాలన్నంత బిగించి, కొత్త ఎండ్‌మిల్‌తో (చెక్కే కట్టర్‌తో) పల్చగా కొట్టి, తిప్పి రెండోవైపు. మెటీరియల్ కూడా చూసుకోవాలి, 6061 అనే అల్యూమినియం రకంలో టీ651 అని ఉంటే హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత సాగదీసి స్ట్రెస్ తగ్గించిన ప్లేటు అన్నమాట, ఒట్టి టీ6 కంటే చాలా నయం. నేను పాడుచేసిన రెండూ ఏవో అప్పుడు చూడనే లేదు.

మూడోది 0.08 వచ్చింది. పెద్దాయన వచ్చి నాలుగు మూలలూ నొక్కి చూశాడు, చప్పుడు లేదు. ఏమీ అనకుండా నా వైస్ పక్కనున్న పైపు తీసుకెళ్ళి తన టూల్‌బాక్స్‌లో పడేసుకున్నాడు.