పోస్టు డబ్బా దాటాక

ఇండియా నుంచి ఎవరొచ్చినా అమెరికాలో, నార్త్ కరొలైనా రాష్ట్రంలోని షార్లెట్‌లో ఉండే మనవాళ్లం తిప్పే చోట్లు అందరికీ తెలిసినవే. గుడి, బిల్ట్‌మోర్ బంగళా, చిమ్నీ రాక్. అత్తయ్యగారు వాళ్లు వచ్చినప్పుడూ అవే చూపించాం, చిన్నాన్న వాళ్లు వచ్చినప్పుడూ అవే. నాన్న మాత్రం ముందే చెప్పేశారు. "బంగళాలు నాకెందుకమ్మా, మనిషికి వంద డాలర్లు పైన పోసి. కిందటేడు తుఫాను కొండల మీదికి వచ్చిందన్నావు కదా, అక్కడ రోడ్లు ఎలా ఉన్నాయో చూద్దాం పద."

నాన్న రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై రెండేళ్లు పనిచేశారు. అందులో సగం పైన ఎస్.కోట నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మీదే గడిచింది. మేమంతా బొర్రా గుహలు చూడ్డానికి వెళ్తుంటే ఆయన కారు ఆపించి, కొండ జారకుండా కట్టే రిటైనింగ్ వాల్ దగ్గర నిలబడేవారు. నాకు చిరాకేసేది. ఈసారి అలా ఆపడానికే బయల్దేరాం. అమ్మ మనవడి దగ్గర ఉండిపోయింది, మా ఆయనకి ఆఫీసు పని. 2025 అక్టోబర్ 11, శనివారం పొద్దున్నే నేను, నాన్న కారెక్కాం.

ఆకులు రంగు మారే సీజన్ కదా, కొండల్లోని ఆష్‌విల్ ఊళ్లో రెండు మంచాలున్న మామూలు గదికి ఒక్క రాత్రికి పన్నుతో కలిపి మూడొందల ఇరవై డాలర్లు తీసుకున్నారు. ఫిబ్రవరిలో అదే హోటల్లో నూట పదికి ఉన్నాం. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను. నాన్న విని, "వాళ్లకి ఈ నెలే కదమ్మా పంట. కిందటేడు ఆ పంటే పోయింది" అన్నారు. ఆ మాటతో నాకొకటి గుర్తొచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2024 అక్టోబర్ మొదటి వారానికి ఆ కొండల్లోనే హెండర్సన్‌విల్ దగ్గర ఒక క్యాబిన్ బుక్ చేశాను. పిల్లాడికి యాపిల్ తోటలు చూపించాలని. సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ తుఫాను ఫ్లోరిడాలో పెర్రీ దగ్గర తీరం దాటింది. అక్కడికీ ఈ కొండలకీ సుమారు 600 కిలోమీటర్లు. మా షార్లెట్‌లో వాన పడింది, గాలి వీచింది, కాసేపు కరెంటు పోయి వచ్చింది. నేను ఇంటి నుంచే పనిచేసుకున్నాను. ట్రిప్పు కుదరదని తెలిశాక రిఫండ్ కోసం మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. మళ్లీ పెట్టాను. మూడోసారి కోపంగా, మోసం అన్న మాట కూడా వాడి రాశాను. పదమూడో రోజున జవాబొచ్చింది. "ఇప్పుడే సిగ్నల్ వచ్చింది. మీ డబ్బు పంపేశాను. ఆలస్యానికి క్షమించండి." అంతే. వాళ్ల ఇల్లు ఉందో పోయిందో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ మెసేజ్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది.

శనివారం సంగతి త్వరగా చెప్పేస్తాను. 74వ నంబరు హైవే మీద షెల్బీ, ఫారెస్ట్ సిటీ, రూథర్‌ఫోర్డ్‌టన్ మీదుగా లేక్ లూర్ చేరాం. మనం పడవ ఎక్కే ఆ చెరువులో నీళ్లు దించేసి ఉన్నాయి. అడుగున పేరుకున్న ఇసుక, మట్టి యంత్రాలతో తోడుతున్నారు. చిమ్నీ రాక్ ఊళ్లో ఏటి పక్కన వరసగా దుకాణాలుండేవి గుర్తుందా, ఐస్‌క్రీమ్ తింటూ కింద నీళ్లు చూసేవాళ్లం. వాటిలో చాలా లేవు. అవి నిలబడ్డ నేలే లేదు, ఏరు అక్కడిదాకా వెడల్పయిపోయింది. పార్కును జూన్ 27న మళ్లీ తెరిచారు. కొట్టుకుపోయిన వంతెన స్థానంలో తాత్కాలిక వంతెన వేశారు. జనం 499 మెట్లు ఎక్కడానికి పోతుంటే నాన్న ఆ వంతెన దగ్గరే నిలబడి అబట్‌మెంట్లు, అంటే వంతెన రెండు చివరల్నీ మోసే గోడలు, చూస్తూ ఉండిపోయారు. అక్కడి నుంచి వెనక్కొచ్చి 9వ నంబరు రోడ్డు, మిల్ స్ప్రింగ్, ఐ-26 హైవే. ఆష్‌విల్ చేరేసరికి చీకటి పడింది.

హోటల్లో కుళాయి నీళ్లు పట్టుకుంటూ, ఈ ఊళ్లో తుఫాను తర్వాత కుళాయి నీళ్లు తాగడానికి పనికొచ్చేసరికి 53 రోజులు పట్టిందని నాన్నకి చెప్పాను. రిజర్వాయర్ నుంచి వచ్చే పైపులు భూమిలోంచే కొట్టుకుపోయాయి. నాన్న గ్లాసు పక్కన పెట్టి, "యాభై మూడా!" అన్నారు. కాసేపాగి మళ్లీ అదే మాట అన్నారు.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, "ఇవాళ పన్నెండో తారీఖు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "హుద్‌హుద్ తుఫాను వచ్చింది ఇదే రోజమ్మా. అదీ ఆదివారమే."

2014లో నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఐదు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. టీవీలో విశాఖ ఎయిర్‌పోర్టు, బీచ్ రోడ్డు, కైలాసగిరి మీద మోడైపోయిన చెట్లు చూపిస్తూనే ఉన్నారు. అమ్మ గోపాలపట్నం ఇంట్లో ఒక్కతే పాలు దొరక్క, నీళ్లు దొరక్క అవస్థపడింది. నాన్న ఎక్కడున్నారో అమ్మకీ తెలీదు. ఆయన శివలింగపురం పైన చెట్లు కోయిస్తూ నాలుగు రోజులు ఘాట్ మీదే ఉన్నారు. ఆ నాలుగు రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు కాఫీ దగ్గర కొంచెం చెప్పారు. కాఫీ తోటల్లో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్‌లు వరసలకు వరసలు పడిపోయాయట. వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు అన్నీ పోయాయట. అనంతగిరి దగ్గర ఒక గిరిజన రైతు తెగిన మిరియాల తీగ చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి, "బాబూ, టీవీవోళ్లు ఇటు వస్తారా?" అని అడిగాడట. "తుఫానంటే ఒడ్డునున్నవాళ్లదే అనుకుంటారు అందరూ. కొండ మీదోడి మాట ఎవరికీ గుర్తుండదు" అన్నారు నాన్న.

ఆ రోజు తిరిగి ఇంటికి పోవాల్సింది. నేనే స్వానానోవా వైపు తిప్పాను. ఆ పేరు గల ఏరు బిల్ట్‌మోర్ దగ్గర 26.1 అడుగులకు పెరిగింది. అంతకుముందు ఈ కొండల్లో వరదంటే 1916 జూలైలో వచ్చిందే చెప్పుకునేవారు. అప్పుడు 20.7 అడుగులు. వందేళ్ల పైన నిలిచిన గీత కంటే ఐదడుగులు పైకి! పాత 70వ నంబరు రోడ్డు మీద వెళ్తుంటే కొత్త పెయింటు వేసిన దుకాణం ఒకటి, దాని పక్కనే తలుపుల్లేని ఖాళీ గోడలు, ఆ పక్కన ఉత్త సిమెంటు గచ్చు. కొండల మీద అడవి మధ్యలో పై నుంచి కిందికి మట్టిరంగు చారలు. నేను వాటిని బాటలనుకున్నాను. "బాటలు కావు, కొండ జారింది" అన్నారు నాన్న. అలాంటివి ఈ తుఫానులో 2,000 పైనే లెక్కపెట్టారు.

పక్కదారి మొదట్లో "తేనె" అని చేత్తో రాసిన అట్ట కనిపించింది. దాన్ని పట్టుకుని పోతే ఒక వాగు, వాగు ఇవతల పోస్టు డబ్బా, దాని పక్క బల్ల మీద సీసాలు, కుర్చీలో డెబ్బై దాటిన పెద్దాయన. అవతలి ఒడ్డున, కొంచెం మెరక మీద ఇల్లు. సోర్‌వుడ్ పువ్వు తేనె, సీసా ఇరవై రెండు డాలర్లు. నాన్న నా చెవి దగ్గరికొచ్చి, "ఇంత రేటా? అరకులో గిరిజన సహకార సంస్థ వాళ్ల జీసీసీ తేనె ఇందులో ఎన్నో వంతుకు వస్తుంది" అన్నారు. ఒక్కటి చాలన్నారు. నేను డబ్బులిస్తుంటే నాన్న కళ్లు వాగు మీదికి పోయాయి.

వాగు మీద వంతెన లాంటిదే కానీ వంతెన కాదు. తుప్పు పట్టిన పొడవాటి ఇనుప చట్రం, పైన కొత్త చెక్కలు. నాన్న వంగి కిందికి చూసి, "ఇది గూడ్సు బండి వ్యాగన్ అమ్మా! చక్రాలు తీసేసి అడ్డంగా పడేశారు" అన్నారు. పెద్దాయన నవ్వి లేచొచ్చాడు.

నాన్నకి ఇంగ్లీషులో మాట్లాడటం రాదు. కానీ రోడ్డు పని మాటలన్నీ మనకి ఇంగ్లీషులోనే ఉన్నాయి కదా. కల్వర్ట్, పైప్, అబట్‌మెంట్, వింగ్ వాల్. మధ్యలో నేను నాలుగు మాటలు కలిపితే చాలు. వాళ్లిద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు.

పెద్దాయన చెప్పిందిది. గాలి రావడానికి రెండు రోజుల ముందు నుంచే వాన. నేల ఇంక ఒక్క చుక్క కూడా పీల్చుకోలేని స్థితికి వచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున అసలు తుఫాను ఆ తడి మీద పడింది. సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి ఈ కొండల గోడకి కొట్టుకుని పైకి లేచి, మోసుకొచ్చిందంతా అక్కడే కుమ్మరిస్తుంది. బ్యూసిక్ అనే చోట ఆ కొద్ది రోజుల్లోనే 30 అంగుళాలు దాటింది. నాన్న వేళ్ల మీద లెక్కేసి, "ఏడొందల అరవై మిల్లీమీటర్లు. మన విశాఖలో ఏడాదంతా పడితే వెయ్యి పైచిలుకు" అన్నారు. ఈ వాగులో మామూలుగా మోకాలి లోతు నీళ్లు. దాని మీద నాలుగడుగుల గొట్టాలు రెండు వేసి, పైన మట్టి పోసి, నలభై ఏళ్లుగా కారు పోనిచ్చేవాడు. పైనుంచి కొట్టుకొచ్చిన పోప్లర్ చెట్టు ఒకటి గొట్టాల నోటికి అడ్డం పడింది. నీళ్లు మట్టి మీదుగా ఎక్కాయి. పది నిమిషాల్లో గొట్టాలు, మట్టి, ఆయన ట్రక్కు అన్నీ పోయాయి. పద్నాలుగు తేనెపెట్టెల్లో మూడు మిగిలాయి. భార్యాభర్తలిద్దరూ తొమ్మిది రోజులు అవతలే ఉండిపోయారు. ఆవిడ బీపీ మందులు అయిపోతే పక్కింటి కుర్రాడు రెండు నిచ్చెనలు కట్టి వాటి మీద పాకుకుంటూ తెచ్చిచ్చాడు.

"గవర్నమెంటు వెయ్యదా వంతెన?" అని నాన్న అడగమన్నారు.

పెద్దాయన పోస్టు డబ్బా మీద చెయ్యి వేశాడు. "ఇక్కడిదాకా స్టేట్ రోడ్డు. ఇది దాటితే నాది."

ఈ కొండల్లో వాగు వాగుకీ ఇలాంటి సొంత వంతెనలూ సొంత దారులూ వేలల్లో పోయాయట. హైవేలు కట్టారు. టెనెసీ వైపు లోయలో సగం కూలిన ఐ-40ని కూడా మార్చి మొదటికల్లా వైపుకొక లేను చొప్పున తెరిచారు. కానీ పోస్టు డబ్బా అవతల ఎవరి పాట్లు వాళ్లవే. అంబులెన్సు రావాలన్నా, కరెంటు స్తంభం పాతాలన్నా, ఇల్లు బాగుచేసే సిమెంటు లారీ రావాలన్నా ముందు ఆ ఇరవై అడుగులు దాటాలి. వరద ఇన్సూరెన్స్ ఈయనకి లేదు, కొండ మీదుండే వాళ్లలో దాదాపు ఎవరికీ లేదు. ప్రభుత్వం నుంచి మొదట చేతికొచ్చింది 750 డాలర్లు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన చర్చి వాళ్లు ఈ పాత వ్యాగన్ తెచ్చి క్రేనుతో పెట్టి వెళ్లారు. అప్పటిదాకా ఐదు నెలలు పలకల మీద నడిచారు.

నాన్న తల ఊపుతూ విన్నారు. తర్వాత నా చేతిలోని తేనె కాగితం సంచి తీసుకుని, పెన్ను అడిగి, దాని మీద బొమ్మ గీశారు. వాగు, వంతెన. వంతెనకి పది గజాల ఎగువన వరసగా ఐదు చుక్కలు. "పాత రైలు పట్టాలు నిలువునా పాతమను. కొమ్మలు, దుంగలు అక్కడే ఆగిపోతాయి. ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. మా ఘాట్ మీద తూముల్ని ముంచింది నీళ్లు కావమ్మా, చెత్త." పెద్దాయన బొమ్మ తిప్పి చూసి, పెన్ను తీసుకుని, చుక్కల్ని ఎడమ ఒడ్డు వైపు జరిపాడు. వాగు పైన మలుపు తిరుగుతుంది, బరువైనవన్నీ ఆ వైపే వచ్చి కొడతాయని చెప్పాడు. నాన్న లేచి మలుపు దాకా నడిచి చూసొచ్చారు. "కరెక్ట్" అన్నారు. ఇంగ్లీషులో ఆయన నేరుగా ఆ పెద్దాయనతో చెప్పిన పూర్తి వాక్యం అదొక్కటే.

సంచి ఆయనకే ఇచ్చేశాం. కారెక్కబోతూ నాన్న ఆగి, "ఇంకో మూడు సీసాలు ఇమ్మనమ్మా" అన్నారు. రేటు గురించి మాట్లాడలేదు.

తిరుగు దారిలో బ్లాక్ మౌంటెన్, ఓల్డ్ ఫోర్ట్ ఘాటు దిగుతుంటే చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా వెలిగిపోతున్నాయి. నేను ఆ రంగుల కోసమే ఏడాదికోసారి ఈ దారిన వచ్చేదాన్ని. ఇప్పుడు నా కళ్లు రోడ్డు వారన పోస్టు డబ్బాల మీదికే పోతున్నాయి. ఒక్కో డబ్బా వెనక ఒక్కో సన్నటి దారి, ఆ దారికి అడ్డంగా వాగు. ఇంటికొచ్చిన రాత్రి ఆ క్యాబిన్ వాళ్లకి మెసేజ్ పెట్టాను, ఇల్లెలా ఉందని. ఏడాది ఆలస్యంగా. "ఇల్లు నిలబడింది, దారి ఇంకా లేదు" అని జవాబొచ్చింది.

రెండు వారాలకి అక్టోబర్ 28న మొంథా తుఫాను మన ఆంధ్రా తీరం దాటింది. షార్లెట్‌లో నాన్నకి నిద్ర లేదు. టీవీలో కాకినాడ, నరసాపురం చూపిస్తుంటే ఆయన ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి, ఇప్పటికీ ఘాట్ మీద పనిచేస్తున్న తన పాత మేస్త్రీకి ఫోన్ చేశారు. గాలి ఎలా ఉందని అడుగుతారనుకున్నాను.

"ఒరే, టైడ పైన ఆ రెండు తూముల నోళ్లు తీశారా? కొమ్మలేమైనా పడ్డాయా? ముందు అది చూసి రా. చూశాక నాకు ఫోన్ చెయ్యి."

ఆ ఫోన్ తిరిగి వచ్చేదాకా నాన్న లోపలికి రాలేదు.