రామగంగ ఒడ్డున

హిమాలయాల పాదభాగాన, ఉత్తరాఖండ్‌లో 1936లో హేలీ పేరుతో ఏర్పడి, 1957లో జిమ్ కార్బెట్ పేరు పొందిన జాతీయ ఉద్యానవనం అనగానే అందరికీ పులులే గుర్తుకొస్తాయి. 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైంది అక్కడే కాబట్టి అది సహజం. నన్ను మాత్రం అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది అక్కడి నీటి నడక. కొండలు దిగిన వాగులు గులకరాళ్లు మేట వేసిన భాబర్ నేలలోకి ఇంకిపోయి, దక్షిణాన తరాయి పల్లంలో ఊటలై మళ్లీ పైకి ఉబుకుతాయి. అందువల్ల వేసవిలో చాలా వాగుల్లో తెల్లని రాళ్లే మిగులుతాయి. అప్పుడు జంతువులకు ప్రధాన ఆధారం ఏడాది పొడవునా పారే రామగంగే.

ఆ నది ఇసుక తిన్నె మీద కదలకుండా పడుకున్న ఘరియాల్ అనే మొసలిని దుర్భిణిలో చాలాసేపు చూశాను. చేపలు పట్టడానికే మలచినట్టున్న సన్నని పొడవాటి మూతి, బయటికి కనిపించే పళ్ల వరుస, మూతి కొసన చిన్న కుండలాంటి బుడిపె: మగదని చెప్పే గుర్తు అదే. హిందీలో కుండను ఘడా అంటారు, ఘరియాల్ అనే పేరు దాన్నుంచే వచ్చింది.

ఒడ్డు దాటితే సాల వృక్షాల అడవి, దాని నడుమ ఢికాలా గడ్డిమైదానం. రామగంగపై కట్టిన ఆనకట్ట జలాశయం వెనక్కి తగ్గేకొద్దీ బయటపడ్డ నేలపై మొలిచే లేత గడ్డి కోసం ఎండాకాలంలో ఏనుగులు పిల్లలతో సహా అక్కడికి గుంపులుగా చేరుతాయి.